పిడికెడు బియ్యానికి వడ్డీ లేదు

పోయిన వేసవిలో మా సంఘం ఆవరణలో మూడు రాత్రులు ఆశీర్వాద సభలు జరిగాయి. మూడో రాత్రి ప్రసంగం అయ్యాక కవర్లు పంచారు. కవరు మీద పేరు, ఫోను నంబరు, కింద ప్రార్థన అవసరత రాయాలి. పై ఊరి నుంచి వచ్చిన ప్రసంగీకుడు ఒకటే మాట తిప్పి తిప్పి చెప్పాడు: మీకు నొప్పి తెలిసేంత ఇవ్వండి, అప్పుడే మీ అప్పుల కాడి విరుగుతుంది. కానుకలు లెక్కపెట్టేవాళ్ళలో నేనూ ఉన్నాను. పదిహేనేళ్ళుగా ఆ పని నాది. ఒక కవరులో పదివేలు ఉన్నాయి. పేరు చూశాను. ఆమె మిరపకోతలకు వెళ్ళే మనిషి. మొగుడు లేడు, కొడుకు ఇంటరు చదువుతున్నాడు. ప్రార్థన అవసరత అన్నచోట ‘అప్పులు తీరాలి’ అని రాసి ఉంది. పై ఆదివారం గుళ్ళో చూస్తే ఆమె చెవులకు కమ్మల బదులు వేపపుల్లలు ఉన్నాయి.

ఆ పదివేలకు రసీదు రాసింది నేనే. అందుకే ఈ మాట నేనే రాయాలి.

మన సంఘాల్లో ఇప్పుడు దాదాపు ఎదురు లేకుండా చలామణీ అవుతున్న బోధ ఇది. సంపాదనలో పదోవంతు దేవుడిది. ఇవ్వనివాడు దేవుణ్ణి దోచుకున్నవాడు, వాడి ఇంటి మీద శాపం ఉంటుంది. అప్పుల్లో ఉన్నవాడు అందరికంటే ముందు ఇవ్వాలి, అప్పులు తీరే దారి అదే. ఇచ్చింది విత్తనం, నూరంతలుగా తిరిగొస్తుంది. రాకపోతే లోపం నీ విశ్వాసంలో ఉంది. టీవీలో ఇదే, ఫోనులో ఇదే, రేకుల షెడ్డులో నడిచే పల్లె సంఘంలోనూ ఇదే. చెప్పేవాళ్ళంతా మోసగాళ్ళని నేననను. చాలామంది తాము నమ్మిందే చెబుతున్నారు. కానీ నమ్మి చెప్పినంత మాత్రాన తప్పు ఒప్పు కాదు. దాని ఖరీదు కడుతున్నది చెవుల్లో వేపపుల్లలు పెట్టుకున్నవాళ్ళు.

ఈ బోధకు ఆధారంగా చూపేది మలాకీ మూడో అధ్యాయం, పదో వచనం. మన పిల్లలకు సండేస్కూలు నుంచే అది కంఠతా వచ్చు. గోడల మీద రంగుతో రాయిస్తాం, కానుక కవరు మీద అచ్చు వేయిస్తాం. అదే అధ్యాయంలో అయిదు వచనాలు వెనక్కి వెళ్ళి చదివినవాళ్ళు ఎంతమంది? అయిదో వచనంలో దేవుడు తీర్పు తీర్చడానికి వస్తానంటున్నాడు. ఎవరి మీదికి? కూలివాడి కూలి ఎగ్గొట్టినవాళ్ళ మీదికి, విధవరాళ్ళనూ తండ్రిలేని పిల్లలనూ బాధపెట్టినవాళ్ళ మీదికి, పరదేశికి అన్యాయం చేసినవాళ్ళ మీదికి. పదోవంతు సంగతి ఆ తర్వాత వస్తుంది. అంతకు ముందున్న రెండు అధ్యాయాల్లో చీవాట్లు తిన్నది ఎక్కువగా యాజకులే. దశమభాగం మీద నేను విన్న ప్రసంగాలకు లెక్కలేదు. ఆ అయిదో వచనం తీసి, మొదటి వరసలో కూర్చున్న ఆసామిని ‘కూలీలకు బాకీ ఎంత పెట్టావయ్యా’ అని నిలదీసిన ప్రసంగం ఒక్కటీ వినలేదు.

మన అనువాదం వల్ల వచ్చిన చిక్కు కూడా ఒకటుంది. ఆ పదో వచనంలో తెలుగు బైబిలు ‘నిధి’ అనే మాట వాడింది. నిధి అనగానే మనకు ఇనప్పెట్టె, బీరువా, బ్యాంకు ఖాతా కళ్ళముందు కదులుతాయి. అక్కడున్నది ధాన్యం నిలవచేసే కొట్టు. మందిరంలో తిండి ఉండాలి కనుక తీసుకురమ్మన్నాడు, కారణం ఆ వచనంలోనే చెప్పాడు. ఆ తిండి ఎవరికి? జవాబు ద్వితీయోపదేశకాండం పద్నాలుగో అధ్యాయంలో ఉంది. పండిన పంటలో పదోవంతు తీసి, ఇంటిల్లిపాదీ మందిరం దగ్గరికి పట్టుకెళ్ళి, దేవుని సన్నిధిలో సంతోషంగా తినాలి. దారి దూరమైతే అమ్మేసి, ఆ డబ్బుతో అక్కడ మనసుకు నచ్చింది కొనుక్కు తినాలి. మూడో ఏడు వచ్చేసరికి ఆ పదోవంతు ఊళ్ళోనే ఉంచెయ్యాలి. భూమిలో వాటా లేని లేవీయులు, పరదేశులు, తండ్రిలేని పిల్లలు, విధవరాళ్ళు వచ్చి కడుపునిండా తినాలి.

మా మిరపకోతల ఆమెను ఆ ఏర్పాటులో పెట్టి చూడండి. సెంటు భూమి లేదు, మొగుడు లేడు, ఇంట్లో తండ్రిలేని పిల్లవాడు. మోషే ధర్మశాస్త్రం ఆమెను కూర్చోబెట్టింది తినేవాళ్ళ బంతిలో. మనం ఆమెను చెయ్యి పట్టుకుని లేపి, ఇచ్చేవాళ్ళ వరసలో నిలబెట్టి, ఇవ్వకపోతే దొంగవన్నాం.

పేదవాడు ఇవ్వలేనప్పుడు ఏం చెయ్యాలో కూడా ఆ ధర్మశాస్త్రమే చెప్పింది. గొర్రెపిల్ల తేలేకపోతే రెండు గువ్వలు తెమ్మంది. పాపపరిహారం విషయంలో గువ్వలకూ దిక్కులేనివాడు కాస్త పిండి తెచ్చినా చాలంది. మరియ, యోసేపు బాలయేసును ఎత్తుకుని యెరూషలేము మందిరానికి వెళ్ళినప్పుడు పేదలు ఇచ్చే ఆ పక్షుల బలే ఇచ్చారని లూకా రాశాడు. అప్పుచేసి గొర్రెపిల్లను కొనుక్కురండి, దేవుడు మందనే ఇస్తాడని ఆ గుమ్మంలో వాళ్ళకు ఎవరూ చెప్పలేదు. ప్రతి డిసెంబరులో పశువులశాల బొమ్మ కట్టి రంగుదీపాలు పెడతాం. ఆ ఇంటి పేదరికాన్ని పండగ చేసుకునేవాళ్ళం, అదే పేదరికంలో ఉన్న ఇంటికి కవరు పంపడానికి మనకు చెయ్యెలా వస్తోంది?

రెండు కాసులు వేసిన విధవరాలి కథ చెప్పి నా నోరు మూయించాలని చూసేవాళ్ళున్నారు. ఆమె తనకున్నదంతా వేసింది కదా, మీరు అడ్డుపడేదేమిటని. మార్కు సువార్త పన్నెండో అధ్యాయం తెరిచి, ఆ కథకు పైన ఏముందో చదవమని మాత్రమే నేనంటాను. పొడుగు అంగీలు తొడుక్కుని, సంతవీధుల్లో దండాలు పెట్టించుకుని, దీర్ఘప్రార్థనలు చేస్తూ విధవరాళ్ళ ఇళ్ళు దిగమింగే శాస్త్రుల గురించి యేసు జాగ్రత్త చెప్పాడు. ఆ వెంటనే ఆ విధవరాలు కానుకపెట్టె దగ్గరికి వచ్చింది. ఆ వెంటనే, పదమూడో అధ్యాయం మొదట్లోనే, ఈ మందిరంలో రాయి మీద రాయి నిలవదని చెప్పాడు. మూడూ వరసగా ఉన్నాయి. పైనా కిందా కత్తిరించేసి మధ్యముక్క ఒక్కటే చదివితే అది ఆమెకు మెప్పులా వినిపిస్తుంది. మూడూ కలిపి చదివితే, ఇల్లు గుల్లయిన ఒక మనిషి చివరి కాసులు వేస్తుంటే చూసి కడుపు రగిలిన మాటలా వినిపిస్తుంది. ఆమెకు ఆ కాసులు నూరంతలై తిరిగొచ్చాయని ఏ సువార్తలోనూ లేదు.

విత్తనం మాటకు వస్తే, విత్తువాడి ఉపమానంలో విత్తనమంటే వాక్యమని యేసే విప్పి చెప్పాడు. డబ్బని చెప్పింది అమెరికా టెలివిజన్ బోధకులు. ఓక్లహోమా నుంచి ప్రపంచమంతా తిరిగిన ఓరల్ రాబర్ట్స్ ‘విత్తన విశ్వాసం’ పేరుతో దీన్ని ప్రచారం చేశారు, 1970లో పుస్తకంగానూ తెచ్చారు. అది అక్కడి తెరల మీంచి ఇక్కడి తెరల మీదికి, అక్కడి నుంచి మన పల్లె మైకులోకి దిగింది. మన తాతలకు ఈ బోధ తెలియదు. పాతకాలపు విశ్వాసమంటూ దీన్ని అమ్మేవాళ్ళు ఆ సంగతైనా ఒప్పుకోవాలి.

మరి సాక్ష్యాలో అంటారు. స్థలం కొన్నవాళ్ళు, కొడుక్కి వీసా వచ్చినవాళ్ళు, వ్యాపారం పెరిగినవాళ్ళు ఎంతమంది నిలబడి చెప్పడం లేదు? చెబుతున్నారు, నిజమే. మైకు వాళ్ళ చేతికే ఇస్తున్నాం. ఇచ్చి మునిగినవాళ్ళకు మైకు ఇచ్చిన ఆదివారం ఒక్కటి చూపించండి. వాళ్ళు గుడికి రావడం మానేస్తారు, లేదా వచ్చి వెనక గోడ దగ్గర కూర్చుంటారు. తమ విశ్వాసమే తక్కువని నమ్మి లోలోపల కుంగిపోతారు. ఈ బోధ చేసే పాపాల్లో డబ్బు తీసుకోవడం చిన్నది. పోయినదానికి కూడా పోగొట్టుకున్నవాళ్ళనే దోషుల్ని చెయ్యడం పెద్దది. చీటీల కంపెనీ ఎత్తేసినప్పుడు కట్టినవాడు వెళ్ళి పోలీస్ స్టేషన్‌లో ఫిర్యాదన్నా ఇస్తాడు. ఇక్కడ కట్టినవాడు ఉపవాసం ఉండి, తన అపనమ్మకాన్ని క్షమించమని దేవుణ్ణి వేడుకుంటున్నాడు.

మన ఇళ్ళల్లో అప్పు ఎలాంటిదో కొత్తగా చెప్పక్కర్లేదు. వారం వారం వాయిదా కట్టలేక మనుషులు ప్రాణాలు తీసుకుంటుంటే, 2010 అక్టోబరులో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం సూక్ష్మరుణ సంస్థల మీద ఆర్డినెన్సు తెచ్చింది. ఆ వాయిదాలు కట్టిన ఆడవాళ్ళే ఆదివారం మన చాపల మీద కూర్చుంటారు. నెలకు పన్నెండు వేలు వచ్చే ఇంట్లో పన్నెండు వందలంటే బియ్యం, నూనె, గ్యాసుబండలో ఏదో ఒకటి తగ్గడం. రెండు లక్షలు వచ్చే ఇంట్లో ఇరవై వేలు తీసినా అన్నం గిన్నెలో తేడా రాదు. ఇద్దరికీ ఒకటే కొలత కనుక సమన్యాయమని మనం చెప్పుకుంటున్నాం.

ఇంటి బాధ్యతల మాటా చెప్పాలి. తల్లిదండ్రులకు పెట్టవలసింది దేవుడికి అర్పితమని చెప్పి ఎగ్గొట్టేవాళ్ళను యేసు ఎంత కటువుగా మందలించాడో మార్కు ఏడో అధ్యాయంలో ఉంది. దాన్ని కొర్బాను అనేవారు. అమ్మకు షుగరు మాత్రలు కొనలేదు, పిల్లవాడి ఫీజు కట్టలేదు, దశమభాగం మాత్రం తప్పలేదని గొప్పగా చెప్పుకుంటుంటే నేను విన్నాను. అప్పుడు గుడి అంతా ‘ఆమేన్’ అంది. యేసు ఏమనేవాడో ఆ అధ్యాయం చదివి మీరే చెప్పండి. లంచం సొమ్ములో పదోవంతు తెచ్చి ఇచ్చేవాడికీ మనం ఇదే ఆమేన్ చెబుతున్నాం. సుంకరి జక్కయ్య అలా చెయ్యలేదు. ఆస్తిలో సగం పేదలకన్నాడు, అన్యాయంగా తీసుకున్నది ఎవరిదగ్గర తీసుకున్నాడో వాళ్ళకే నాలుగింతలు తిరిగి ఇస్తానన్నాడు. మందిరానికి ఒక వాటా పారేసి చేతులు కడుక్కోలేదు. ఆ ఇంటికి ఆ రోజు రక్షణ వచ్చిందని యేసు చెప్పింది ఆ మాట విన్నాకే.

మాది ఒంగోలు ప్రాంతం. మా సంఘాల పుట్టుక ఎక్కడుందో పెద్దలకు తెలుసు. 1876 నుంచి 78 దాకా డొక్కలు ఎండిన కరువు. మిషనరీ క్లౌ దొర బకింగ్‌హామ్ కాలవ తవ్వకంలో మూడున్నర మైళ్ళ కాంట్రాక్టు తీసుకుని మనవాళ్ళకు పని ఇచ్చి కూలి ఇచ్చారు. ఆ కూలితో మాల మాదిగ పల్లెలు ప్రాణాలు నిలుపుకున్నాయి. బాప్తిస్మం ఇమ్మని జనం అడిగారు. కరువు సాగినంతకాలం ఆయన ఇవ్వలేదు. కూటి కోసం కలిశారన్న మాట రాకూడదని, విశ్వాసంలో గింజల లెక్క కలవకూడదని ఆపారు. కరువు తగ్గాక, 1878 జూలై 3న, వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మలో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. ఆ సంఖ్యను మనం శతజయంతుల్లో చెప్పుకుంటాం, రాళ్ళ మీద చెక్కిస్తాం. అన్నం ఆశ చూపి ఒక్క మనిషినీ నీళ్ళలోకి దించకూడదని ఆగిన ఆ నెలల గురించి చెప్పుకోం. ఆ నది ఒడ్డున పుట్టిన సంఘమే ఇప్పుడు స్థలమూ కారూ ఆశ చూపి కవరు చేతిలో పెడుతోంది.

గుంటూరు వైపు లూథరన్ అన్నదమ్ముల్నీ ఒక మాట అడగాలి. ప్రతి అక్టోబరు 31న మీరు సంస్కరణ దినం జరుపుకుంటారు. 1517లో మార్టిన్ లూథర్ ఎదిరించింది దేన్ని? పాపపు శిక్ష తగ్గుతుందని చెప్పి పేదల దగ్గర డబ్బు తీసుకుని పత్రాలు ఇవ్వడాన్ని. ఆ డబ్బులో ఒక వాటా రోములో పెద్ద దేవాలయం కట్టడానికి వెళ్ళింది. శాపం తొలగుతుందని చెప్పి డబ్బు తీసుకుంటే అది వేరే సంగతి ఎలా అవుతుంది? పాటలు పాడి ఇంటికెళ్ళే ముందు ఈ ప్రశ్నకు జవాబు వెతకండి.

ఈ బోధను సమర్థించేవాళ్ళ వాదనల్లో బలమైనది ఒకటుంది, దాన్ని తేలిగ్గా తీసెయ్యను. పేదవాడి కానుక వద్దనడం పేదవాణ్ణి అవమానించడమే అంటారు. దొర డబ్బుతో నడిచిన సంఘం తన కాళ్ళ మీద నిలబడింది పేదల కానుకల వల్లేనని అంటారు. నిజం. 1912లో దోర్నకల్ బిషప్పుగా అభిషేకం పొందిన వేదనాయకం శామ్యూల్ అజరయ్య ఆంగ్లికన్ సంఘంలో మొదటి భారతీయ బిషప్పు. ఇవ్వడం నేర్పాలని ఆయన పట్టుబట్టారు, కానుకల మీద పుస్తకమే రాశారు. ఆయన సంఘాల్లో కూలి ఇళ్ళ ఆడవాళ్ళు వంటకు బియ్యం పోసేటప్పుడు ఒక పిడికెడు తీసి పక్కన పెట్టేవారు. ఆ పిడికిలి బియ్యం పద్ధతి మా వైపూ ఉంది. మా అమ్మ చేసేది.

పొయ్యి పక్కన మూకుడు మూసిన చిన్న కుండ ఉండేది. ఎసట్లో బియ్యం పోసేముందు అమ్మ ఒక పిడికెడు తీసి, కళ్ళు మూసుకుని పెదవులు కదిపి, అందులో వేసేది. ఆదివారం అది సంచిలో పోసి గుడికి పట్టుకెళ్ళేవాళ్ళం. ఆ బియ్యంలో కొంత అయ్యగారి ఇంటికి, కొంత మంచాన పడ్డవాళ్ళ ఇళ్ళకు వెళ్ళేది. ఎవరింటికి ఎన్ని సోలలు వెళ్ళాయో పేటలో అందరికీ తెలుసు. నాట్లు లేని రోజుల్లో, డబ్బాలో బియ్యం అడుగంటినప్పుడు, అమ్మ కుండ జోలికి వెళ్ళేది కాదు. ఆ వారం సంచి ఖాళీగా ఉన్నా గుళ్ళో ఎవరూ ఆమెను దొంగ అనలేదు. ఒకసారి మాకే జ్వరాలు వచ్చి పనుల్లేక పడుంటే, ఆ గుడి బియ్యమే మా ఇంటికి వచ్చింది. అమ్మ తీసుకుంది, వండింది. తన పిడికెడు నూరంతలై తిరిగొచ్చిందని ఆమె ఎన్నడూ అనలేదు. పక్కింటివాళ్ళు పెట్టారని చెప్పింది, వాళ్ళ పేర్లు చెప్పి ప్రార్థన చేసింది.

పేదవాడి కానుకంటే నాకు తెలిసింది అది. ఎంత తియ్యాలో ఆ చెయ్యే నిర్ణయించుకుంది. అప్పు తెచ్చి ఎవరూ కుండలో పొయ్యలేదు, వడ్డీ లెక్క ఎవరూ కట్టలేదు. దాన్ని ఈ కవరు పక్కన పెట్టి రెండూ ఒకటేననడం మా అమ్మను అవమానించడమే. అజరయ్య పేరు చెప్పి కవర్లు పంచడం ఆయన్నీ అవమానించడమే.

అయ్యగార్లు ఎలా బతకాలి అని అడిగేవాళ్ళకు నా దగ్గర కోపం లేదు. పల్లెల్లో పాస్టరుగారి ఇల్లు కూడా కూలి ఇల్లులాగే ఉంటుంది, పాస్టరమ్మ కూడా కోతలకు వెళుతుంది. వాక్యం చెప్పేవాళ్ళు దాని మీద బతకడం న్యాయమని పౌలు రాశాడు, అలా రాసిన ఆయనే కొరింథులో డేరాలు కుట్టి బతికాడు. ఆయన సంఘాల్లో వసూలు చేసిన పెద్ద చందా యెరూషలేములో ఆకలితో ఉన్న పరిశుద్ధుల కోసం. ఆ చందా అడుగుతూ కొరింథీయులకు రాసినప్పుడు, లేనిదాన్ని బట్టి ఇవ్వద్దనీ, ఇతరుల భారం తీరడానికి మీరు కుంగిపోవాలన్నది నా ఉద్దేశం కాదనీ విడమరిచి చెప్పాడు. పాస్టరుగారికి నెలకు ఇంతని జీతం కట్టండి. కలిగినవాళ్ళు ముందు వెయ్యండి, తగ్గితే ఇంకొంచెం వెయ్యండి. జమాఖర్చులు గుడి గోడకు అంటించండి. శాపం పేరు చెబితే తప్ప ఒక సంఘం తన కాపరికి అన్నం పెట్టలేకపోతోందంటే ముందు ఆ సంఘం ప్రేమను పరీక్షించుకోవాలి.

అప్పుల్లో మునిగినవాళ్ళకు ఏం చెయ్యాలో కూడా బైబిల్లోనే ఉంది. నెహెమ్యా కాలంలో యెరూషలేము గోడ కట్టే పని మధ్యలో జనం ఏడుస్తూ వచ్చారు. పొలాలు, ద్రాక్షతోటలు, ఇళ్ళు తాకట్టు పడ్డాయి, పిల్లలు బానిసలవుతున్నారు. ఓర్చుకోండి, గోడ అయ్యాక దేవుడు దీవిస్తాడని నెహెమ్యా చెప్పలేదు. తాకట్టు పట్టిన పెద్దల్ని పిలిపించి సభలో నిలబెట్టాడు. తీసుకున్న పొలాలూ ఇళ్ళూ వడ్డీతో సహా ఆ రోజే తిరిగి ఇచ్చెయ్యమన్నాడు. యాజకుల్ని పిలిచి వాళ్ళచేత ప్రమాణం చేయించాడు. తాను అధికారిగా ఉన్న పన్నెండేళ్ళూ అధికారికి రావలసిన భోజనభత్యం కూడా ముట్టలేదు, జనం మీద భారం ఎక్కువగా ఉందని.

నాలాగా ఆదివారం మధ్యాహ్నం చాప పరిచి కానుకలు లెక్కపెట్టే అన్నలూ తమ్ముళ్ళూ, సంఘ పెద్దలూ, మీకు నా మనవి. కవరు మీద పేరు ఉంటుంది, ఇల్లు మీకు తెలుసు, ఆ ఇంట్లో అప్పెంతో కూడా మీకు తెలుసు. అది తాకట్టు డబ్బని తెలిస్తే రసీదు రాయకండి. చిట్టాలో ఎక్కించకండి. సాయంత్రం ఒకరిద్దరు కలిసి ఆ ఇంటికి వెళ్ళి, ఆమె చేతిలోనే పెట్టి, ప్రార్థన చేసి రండి. నేను రసీదు రాసిన ఆ పదివేలు సభల ఖర్చుల్లో కలిసిపోయాయి. నలుగురం తలా కాస్త వేసుకుని పోయిన నెలలో ఆమె కమ్మలు విడిపించాం.